విందుకు వేడివేడి రొయ్యల గ్రాటిన్

పదిమంది చేరే పండగకో పెళ్లిచూపులకో, భోజనానికి ముందు వేడిగా అందించడానికి రొయ్యలు, చీజ్ కలిపి చేసే గ్రాటిన్ చక్కగా సరిపోతుంది. పైపొర ఎర్రగా కాలేలా వండే ఫ్రెంచి పద్ధతి ఇది. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న మన యానాం పక్కనే గౌతమీ గోదావరి పారుతోంది కనుక అక్కడివారికి రొయ్యలకు కొదవలేదు. మిగతా ఊళ్లలోని మనవాళ్లకు పీతల గుజ్జు దొరికినా బాగుంటుంది.

కావలసినవి (12 మందికి)

పొట్టు తీసిన రొయ్యలు 500 గ్రాములు, వెన్న 30 గ్రాములు, మైదా 30 గ్రాములు, పాలు 400 మిల్లీలీటర్లు, తురిమిన చీజ్ 150 గ్రాములు, వెల్లుల్లి 4 రెబ్బలు, మిరియాల పొడి, కొత్తిమీర, కొద్దిగా ఉప్పు.

తయారీ

రొయ్యల వెన్నులోని నల్ల నరం తీసి, కడిగి, తడి లేకుండా తుడవాలి. చెంచా నూనెలో వెల్లుల్లి వేసి, రొయ్యలను రెండు నిమిషాలు వేయించాలి. కొడవలిలా వంగితే చాలు. సున్నాలా ముడుచుకుంటే రబ్బరులా సాగుతాయి. ఊరిన నీరు వంపేయాలి, లేకపోతే సాస్ పలచనవుతుంది.

వెన్న కరిగించి, మైదాను పచ్చివాసన పోయేదాకా సన్నసెగపై వేయించాలి. పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా కలపాలి. గరిటెకు అంటుకునేంత చిక్కబడ్డాక పొయ్యి ఆపి, 100 గ్రాముల చీజ్, మిరియాల పొడి, రొయ్యలు కలపాలి. చీజ్‌లోనే ఉప్పు ఉంటుంది కనుక రుచి చూశాకే ఉప్పు వేయాలి. మిగిలిన చీజ్ పైన చల్లి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు ఉంచాలి. ఓవెన్ లేకపోతే మందపాటి మూకుడులో మూతపెట్టి సన్నసెగపై చీజ్ కరగనివ్వాలి. పైన ఎర్రబడదు కానీ రుచి తగ్గదు. కొత్తిమీర చల్లి, కాల్చిన బ్రెడ్ ముక్కలతో అందించాలి.

మరువకూడనివి

రొయ్యలు, పీతలు, పాలు పడనివారు ఉంటారు. కొందరికి ఊపిరాడనంత ప్రమాదం. అందుకే వచ్చినవారిని ముందే అడగడం మన బాధ్యత. శాకాహారులకు పుట్టగొడుగులతో వేరే గిన్నెలో, వేరే గరిటెతో చేద్దాం. పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సాయంత్రం కాల్చుకోవచ్చు. చల్లగా ఉంటుంది కనుక మరో పది నిమిషాలు పడుతుంది. బయట రెండు గంటలకు మించి, మండువేసవిలో గంటకు మించి ఉంచిన దాన్ని దాచుకోకండి, పారేయండి.