వైరువాకు ఒక ఊరుంది

న్యూజిలాండ్ చరిత్రను 1840 నాటి వైతాంగి ఒప్పందంతో మొదలుపెట్టి, భూముల తగాదాగా చెప్పడం ఇక్కడ పరిపాటి. అది తప్పు కాదు గానీ చాలదు. మనిషి పోయాక మిగిలేదేమిటన్న ప్రశ్నకు మావోరీలు చెప్పుకునే జవాబు తెలియకపోతే, ఇక్కడ స్థిరపడ్డ మాలాంటివాళ్లకైనా ఈ దేశపు చట్టాలు కొన్ని అంతుపట్టవు. ఆ మిగిలేదే వైరువా. దానికి చుట్టాలుంటారు, చేరాల్సిన చోటుంటుంది. శవాన్ని ఆ వంశం వారి సభాస్థలికి తెచ్చి, సాధారణంగా మూడు రోజులు, క్షణం కూడా ఒంటరిగా వదలరు. పెట్టె మూత తీసే ఉంచుతారు. ఆడవాళ్లు పక్కనే కూర్చుంటారు, ముందుగా పోయిన పెద్దల ఫొటోలు చుట్టూ పెడతారు. మాట్లాడ్డానికి లేచినవాళ్లు పోయిన మనిషినే ఉద్దేశించి మాట్లాడతారు: పొగుడుతారు, మొహమాటం లేకుండా మందలిస్తారు, చివరికి సాగనంపుతారు. వైరువా దేశపు ఉత్తర కొసన ఉన్న తె రెరెంగ వైరువా చేరి, బండను పట్టుకుని పెరిగిన పొహుతుకావా చెట్టు వేరు వెంట సముద్రంలోకి దిగి, మనవతాఫి దీవి మీంచి ఒక్కసారి వెనక్కి చూసి, పూర్వీకుల హవైకికి వెళ్తుందని నమ్మకం.

ఇది మన ఆత్మే కదా అనిపించవచ్చు. అద్వైతం చెప్పే ఆత్మకు చుట్టరికాలు లేవు, ఊరు లేదు. వైరువాకు మన పితృదేవతలే దగ్గర. మిషనరీలు తెచ్చిన మతంలోనేమో ఎవరి ఆత్మకు వారే దేవుడి ముందు జవాబుదారీ. మావోరీలు చాలామంది క్రైస్తవులయ్యారు, చావింట క్రైస్తవ ప్రార్థనలూ జరుగుతాయి, అయినా పూర్వీకులతో బంధం తెగలేదు. అందుకే 19వ శతాబ్దంలో తుపాకుల బేరంలో యూరప్ చేరిన మావోరీ పూర్వీకుల పచ్చబొట్ల తలలు వాళ్ల దృష్టిలో ఎన్నడూ మ్యూజియం వస్తువులు కాలేదు. 2003 నుంచి న్యూజిలాండ్ జాతీయ మ్యూజియం తె పాపా వాటిని వెనక్కి రప్పిస్తోంది. ఫ్రాన్స్‌లోని రూఆన్ నగరం తన దగ్గరున్న తలను ఇస్తానన్నా ఆ దేశ సాంస్కృతిక శాఖ అడ్డుపడింది. ప్రత్యేక చట్టం చేశాకే 2011లో ఆ తల ఇల్లు చేరింది.

మూఢనమ్మకాన్ని ఇంతగా మన్నించాలా అని అడిగేవాళ్లున్నారు. 1907లోనే పార్లమెంటు మావోరీ సంప్రదాయ వైద్యులైన తొహుంగల వైద్యాన్ని నిషేధించింది. ఆ చట్టం తెచ్చిన జేమ్స్ కారొల్, సమర్థించిన డాక్టర్ మావుయి పొమారె ఇద్దరూ మావోరీ నాయకులే. జ్వరంతో ఉన్నవాళ్లను చన్నీళ్లలో ముంచి చంపుకుంటున్నారన్న ఆవేదన నిజమైనది. కానీ నిషేధం ఊళ్లకు డాక్టర్లను తేలేదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో మావోరీలు తక్కినవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయారు. 1962లో ఆ చట్టం రద్దయింది.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. వాంగనూయి నదికి 2017లో చట్టం వ్యక్తి హోదా ఇచ్చింది. అదంతా ఆస్తి రాజకీయమేనని, ఆత్మ ఒక సాకని అంటారు. డబ్బు ఉన్న మాట నిజమే, పరిహారం 8 కోట్ల డాలర్లు. నదీగర్భం ఎవరిదన్న కేసు 1938లో మొదలైంది, 1962లో మావోరీలు ఓడిపోయారు. ఆస్తి ఒక్కటే కావాలంటే పట్టా అడిగితే సరిపోయేది. ఆ నది తమ పూర్వీకుడని, కొండల నుంచి సముద్రం దాకా ఒకే ప్రాణమని చట్టం ఒప్పుకోవాలని వాళ్లు పట్టుబట్టారు. చివరికి ప్రభుత్వం చేతిలో ఉన్న నదీగర్భం నదికే దఖలు పడింది. అదే మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకూ అలాంటి హోదా ఇచ్చింది, జులైలో సుప్రీంకోర్టు ఆపేసింది. గంగను మనమూ తల్లి అంటాం, కానీ హైకోర్టు సంరక్షకులుగా పెట్టింది ప్రభుత్వ అధికారులను. వాంగనూయి తరఫున మాట్లాడే ఇద్దరిలో ఒకరిని ప్రభుత్వం, ఒకరిని 1870ల నుంచి అర్జీలు పెడుతూ వచ్చిన ఆ ఒడ్డు తెగలు ఎంచుతాయి.