అనోరెక్సియా నెర్వోసా

బరువు పెరుగుతానేమోనన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోయి, ఎముకల గూడులా మారినా లావుగానే ఉన్నాననుకునే మానసిక వ్యాధి. లండన్ వైద్యుడు రిచర్డ్ మోర్టన్ 1689లో క్షయ మీద రాసిన గ్రంథంలో, జ్వరం, దగ్గు లేకుండానే శల్యమైపోయిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి కథ ఉంది. కొన్నాళ్లు మందులు వాడి విసిగి మానేసింది. మూడు నెలలకు కన్నుమూసింది. ఆయన వర్ణించిన రెండో రోగి పదహారేళ్ల అబ్బాయి. ఇది ఆడపిల్లలకే వచ్చే జబ్బన్న మాట ఇప్పటికీ వినబడడం విచిత్రమే.

1873లో పారిస్‌లో షార్ల్ లాసేగ్, లండన్‌లో విలియం గల్ విడివిడిగా దీన్ని వివరించారు. పేరు గల్ పెట్టిందే. రోగికి వేళకు తిండి పెట్టించాలనీ, ఆ పనికి బంధుమిత్రులు బొత్తిగా పనికిరారనీ ఆయన అభిప్రాయం. 1914 తర్వాత కొంతకాలం పిట్యూటరీ గ్రంథి లోపంతో దీన్ని కలిపేసి, హార్మోన్లతో వైద్యం చేశారు. ఆపై తప్పంతా తల్లి పెంపకం మీదికి నెట్టిన రోజులూ ఉన్నాయి.

ఆకలే మనసును ఎంతగా మార్చగలదో తేల్చింది 1944-45 నాటి మిన్నెసోటా ప్రయోగం. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు ఆరు నెలలు అరకొర తిండితో గడిపారు. వాళ్లు దిగులుపడ్డారు, నలుగురికీ దూరమయ్యారు. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, మెతుకు మెతుకూ సాగదీసుకు తిన్నారు. రోగి మొండితనం అనుకున్నవాటిలో చాలా భాగం పస్తుల ఫలితమేనని అర్థమైంది. అందుకే చికిత్సలో బరువు పుంజుకోవడం ముందు. మనసు విప్పి మాట్లాడగలగడం ఆ తర్వాత.

అతిగా తిని కక్కేసే బులీమియాను 1979లో జెరాల్డ్ రసెల్ వేరుగా గుర్తించాడు. వాంతులతో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. పస్తులతో నాడి మందగిస్తుంది, నెలసరి ఆగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. బాగా చిక్కినవారికి ఒక్కసారిగా తిండి పెట్టినా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది కనుక వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

గల్ దూరం పెట్టమన్న కుటుంబాన్నే లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి బృందం చికిత్సకు కేంద్రం చేసింది. 1987లో వెలువడిన వారి ఫలితాల్లో, చిన్నవయసులో జబ్బు మొదలై మూడేళ్లు దాటనివారికి ఈ పద్ధతి మేలు చేసింది. మొదట తిండి బాధ్యత అమ్మానాన్నలదే. కోలుకునే కొద్దీ అది మెల్లగా బిడ్డ చేతికి వస్తుంది. కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. మధ్యలో జబ్బు తిరగబెట్టడమూ ఉంటుంది. మన దేశంలో తొలి సలహాకు 2022లో మొదలైన టెలీ మానస్ ఫోన్ సేవ (14416) ఉంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.