ఆముదం నుంచి జాసో దాకా: మన బరంపురం బండ్ల నూనె కథ

ఈసారి చరిత్ర కాస్త జిడ్డుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

మన వాళ్ళలో బండి లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. పట్టుచీరల మూటలు మోసేది అదే. గోపాల్‌పూర్ ఒడ్డు నుంచి చేపల బుట్టలు ఊళ్ళోకి తెచ్చేది అదే. ఇంటింటికీ భోజనం పొట్లాలు అందించే కుర్రాళ్ళకు అన్నం పెట్టేదీ అదే. అది ఒక్కరోజు మూలపడితే ఆ రోజు సంపాదన పోయినట్టే. ఇంజన్ విప్పాల్సి వస్తే నెల సంపాదనకే గండి. అయినా దాంట్లో ఏ నూనె పోయాలని అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "మనది వేడి ప్రాంతం, చిక్కటిది పోయించు." ఆ మాట ఒకప్పుడు తప్పు కాదు. ఇప్పుడు చాలా బండ్లకు తప్పు. మధ్యలో ఏం జరిగిందో చూద్దాం.

ముందు ఎడ్లబండితో మొదలుపెడదాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. అప్పట్లో బరువులు మోసింది ఎడ్లబండి, దాని ఇరుసుకు రాసింది కందెన. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే కందెన తయారు. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్న సామెత మనందరికీ తెలిసిందే. ఆముదం చిక్కగా ఉంటుంది, ఇనుముకు అంటుకుని ఒక పట్టాన జారిపోదు. మన పెద్దవాళ్ళకు నూనె మంచిదా కాదా చెప్పడానికి ఆ రెండు గుణాలే కొలత. చిక్కదనమే నాణ్యత అనే నమ్మకానికి వేరు అక్కడే ఉందని మనకు అనిపిస్తుంది.

ఆ నమ్మకం మన ఒక్కరిదే కాదు. కాకినాడ రేవు నుంచి ఆముదపు గింజలు ఓడలెక్కి విదేశాలకు వెళ్ళిన కాలం అది. ఇంగ్లండులో 1899లో వేక్‌ఫీల్డ్ అనే ఆయన నూనెల కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ 1909లో మోటారు ఇంజన్ల కోసం ఆముదం కలిపిన నూనె తెచ్చి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ అంటారు కదా, పేరు దాని నుంచే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ విమానాలు ఆముదం పోసుకునే ఎగిరాయి. పెట్రోలులో అంత సులువుగా కరిగిపోకపోవడం దాని గొప్ప. వేడికి బంకలా గట్టిపడి లోపల పేరుకుపోవడం దాని లోపం. అందుకే రోజువారీ వాడకంలో భూమిలోంచి తీసిన ముడిచమురు నూనెలు దాని చోటు తీసుకున్నాయి.

రకరకాల నూనెలు వచ్చాక కొలత కావాల్సి వచ్చింది. అమెరికాలో ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంఘం 1911లో నూనెలను చిక్కదనాన్ని బట్టి తరగతులుగా విడగొట్టింది. ఇప్పుడు డబ్బా మీద కనిపించే 20డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-30 ఆ పద్ధతిలోంచి వచ్చినవే. డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందున్న అంకె నూనె చల్లగా ఉన్నప్పటి సంగతి చెబుతుంది. తర్వాతి అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. చాలామంది దీన్ని బయటి ఎండకు సంబంధించిన లెక్క అనుకుంటారు. మే నెలలో అస్కాలో ఎండ 40 దాటినా, ఇంజన్ లోపలి నూనె వేడి దానికి రెట్టింపు పైమాటే. ఆ వేడిని లెక్కలో పెట్టుకునే కంపెనీవాళ్ళు అంకె నిర్ణయిస్తారు. మనం మళ్ళీ ఎండ పేరు చెప్పి ఒక మెట్టు పెంచనక్కర్లేదు.

మరి చిక్కటి నూనె మన ఊళ్ళో ఎందుకు అంతలా పాతుకుపోయింది? మన టాటా బెంజ్ కూడలి పేరు విన్నప్పుడల్లా ఆ రోజులు గుర్తు చేసుకోవచ్చు. టాటా కంపెనీ జర్మనీ బెంజ్‌తో కలిసి లారీలు చేసింది 1954 నుంచి 1969 దాకా. పొత్తు పోయింది, పేరు మన కూడలికి మిగిలింది. మద్రాసు కలకత్తా రోడ్డు మీద లారీలు నడిచిన ఊరు మనది. లారీ మేస్త్రీల దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే బండ్లకూ మెకానిక్కులయ్యారు. వాళ్ళ చేతికి అలవాటైనది చిక్కటి నూనె.

బండ్లలో అప్పటి రాజు బుల్లెట్. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో బుల్లెట్ తయారీకి దిగాయి. ఆ పాత పోత ఇనుము బుల్లెట్లో ఇంజన్‌కు ఒక నూనె, గేరుబాక్సుకు ఒకటి, క్లచ్ ఉండే పెట్టెకు మరొకటి. భాగాల మధ్య సందులు ఎక్కువ, కాబట్టి చిక్కటి నూనె దానికి సరిపోయింది. ఇంజన్ నూనె క్లచ్ ప్లేట్లకు తగిలేది కాదు కాబట్టి దాంట్లో ఏ రసాయనం కలిసినా క్లచ్‌కు దిగులు లేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, తర్వాత కథంతా దీని మీదే నడుస్తుంది.

తర్వాత పొగబండ్ల కాలం. మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ నుంచి రాజ్‌దూత్ 1960ల మొదట్లో వచ్చాయి. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. ఇవన్నీ టూ స్ట్రోక్. వీటిలో పెట్రోలుతో పాటు నూనె కూడా ఇంజన్లోకి వెళ్ళి కాలిపోతుంది. జావా, రాజ్‌దూత్‌లకు పెట్రోలులోనే కలిపి పోసేవాళ్ళం. ఆర్‌ఎక్స్ 100కు వేరే చిన్న ట్యాంకు, పంపు ఉండేవి. రెండింట్లోనూ పాత నూనె దించడమన్న ప్రశ్నే లేదు, అయిపోతే పోయడమే. గేర్ల నూనె వేరే ఉన్నా దాన్ని పట్టించుకున్నది తక్కువ. బంకుల్లో 2టీ నూనెను విడిగా కొలిచి పోసేవాళ్ళు. ఢిల్లీలో ఆ విడి నూనె అమ్మకాన్ని 1998 చివరికల్లా ఆపాలని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చిందంటే ఎంత పొగ, ఎంత కల్తీ నడిచిందో ఊహించుకోవచ్చు.

అదే 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. 1994లో స్ప్లెండర్ వచ్చింది. పెట్రోలు పోసి, మూతవేసి, మరిచిపొమ్మన్న ప్రకటన అప్పట్లో అందరి నోటా నానింది. ప్రకటన పెట్రోలు గురించి చెబితే, మనవాళ్ళు నూనెను కూడా మరిచిపోయారు. కానీ ఈ ఫోర్ స్ట్రోక్ బండ్లలో నూనె కాలిపోయేది కాదు. దాదాపు ఒక లీటరు నూనె ఇంజన్లోనే తిరుగుతూ మూడు పనులు చేస్తుంది. పిస్టన్‌ను తడుపుతుంది, గేర్ల పళ్ళను కాపాడుతుంది, క్లచ్ ప్లేట్లు కూడా దాంట్లోనే మునిగి ఉంటాయి. బుల్లెట్లో మూడు చోట్ల ఉన్న నూనె ఇక్కడ ఒకటైంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. 1990లలో కార్ల నూనెలు పెట్రోలు ఆదా కోసం మరీ జారుడుగా తయారయ్యాయి. కారు క్లచ్ పొడిగా ఉంటుంది, దానికి నష్టం లేదు. బండి క్లచ్ పట్టుకోవాలంటే మాత్రం రాపిడి కావాలి. జారుడు రసాయనం దాని మధ్యలో చేరితే యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. అందుకని జపాన్‌వాళ్ళు 1998లో బండ్ల నూనెకు వేరే ప్రమాణం పెట్టారు. దాని పేరు జాసో. నూనెలో మునిగిన క్లచ్ ఉన్న బండ్లకు ఎంఏ, జారుడు ఎక్కువున్న నూనెకు ఎంబీ. 2006లో ఎంఏను మళ్ళీ ఎంఏ1, ఎంఏ2 అని విడగొట్టారు. ఎంఏ2 క్లచ్‌కు ఇంకా గట్టి పట్టునిస్తుంది. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ పొడిగా ఉంటుంది కాబట్టి వాటికి ఎంబీ సరిపోతుంది. ఒకే ఇంట్లో భర్తకు స్ప్లెండర్, భార్యకు యాక్టివా ఉంటే ఒకే డబ్బా తెచ్చి రెండింటికీ పోయడం సరికాదన్నమాట. డబ్బా మీద రెండింటికీ 10డబ్ల్యూ-30 అనే ఉన్నా, వెనక అక్షరాలు వేరు.

అంటే ఎంచుకునేటప్పుడు చూడాల్సింది మూడే. మొదటిది ఎస్‌ఏఈ అంకె. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏది ఉంటే అదే. స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ-30 అని ఉంటే 20డబ్ల్యూ-50 పోస్తే బలం రాదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైభాగానికి చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ పడుతుంది. ఇటీవలి రాయల్ ఎన్‌ఫీల్డ్ 350కి 15డబ్ల్యూ-50 అంటే దానికి అదే సరి. రెండోది ఏపీఐ అక్షరాలు: ఎస్‌జే 1996 నాటిది, ఎస్‌ఎల్ 2001 నాటిది, ఎస్‌ఎన్ 2010 నాటిది. పుస్తకంలో చెప్పినదాని కంటే పాతది వద్దు. మూడోది జాసో అక్షరాలు. ఈ మూడూ కుదిరాక ఏ కంపెనీ అన్నది జేబును బట్టి చూసుకోవచ్చు. మనదేశపు సర్వో 1972 నుంచి ఉంది, విదేశీ పేర్లూ ఉన్నాయి. ఖరీదైన సింథటిక్ పోసి రెండేళ్ళు మార్చకుండా తిరగడం కంటే, మామూలు నూనెను వేళకు మార్చడం మేలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టర్‌ను తప్పుడు నూనె నెమ్మదిగా పాడుచేస్తుంది.

మన గంజాంకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. మన జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు వెళ్ళినవాళ్ళు ఎందరో. వాళ్ళ బండ్లు నెలల తరబడి ఇంటి వరండాలో కదలకుండా ఉంటాయి. "వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు, నూనె కొత్తదే" అనుకుంటారు. సముద్రపు గాలి తేమ నూనెలో చేరుతుంది, నిలవున్నా నూనె పాతబడుతుంది. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి మార్చండి. పండక్కి వచ్చి స్టార్ట్ చేసే ముందు బండిని స్టాండు మీద నిటారుగా నిలిపి నూనె మట్టం చూడండి. చాలా బండ్లలో కొలిచే పుల్లను మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. ఆహారం పంచే కుర్రాళ్ళది ఇంకో రకం. రోజంతా ఆగి కదిలే బండికి పుస్తకంలోని గడువు కంటే కాస్త ముందే మార్చడం మంచిది.

ఖాళీ డబ్బాను ముక్కు కోసి పారేయండి, లేకపోతే దాంట్లోనే ఇంకేదో నింపి మళ్ళీ అమ్ముతారు. పాత నూనెను కాలవలో పోయకండి. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే లెక్కిస్తుంది. పాత నూనె సేకరించే మెకానిక్‌కు ఇవ్వండి.

చివరగా ఒక ప్రతిపాదన. డబ్బాల మీదా, బండి పుస్తకాల్లోనూ తెలుగు అక్షరం కనిపించదు. ఒడియా, ఇంగ్లీషు సరిగా చదవలేని మన పెద్దవాళ్ళు మెకానిక్ మాటే వేదంగా తీసుకుంటున్నారు. మన సంఘం తరఫున ఊళ్ళో ఎక్కువగా తిరిగే పది రకాల బండ్లకు ఏ అంకె, ఏ అక్షరాలు అన్నది తెలుగులో ఒక పట్టికగా రాసి సంఘం గోడకు అంటిద్దాం. మీ బండి పుస్తకంలో నూనె వివరాలున్న పేజీని ఫొటో తీసి పంపండి, పట్టిక మనమే తయారుచేసుకుందాం.