మంచం కిరాయి, గుంట జాగా

తెలంగాణ పల్లెల్లో వలస చరిత్రను మూడు మాటల్లో చెప్పేస్తారు: బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. ఆ ‘దుబాయి’ అన్న మాటలోనే అబుదాబీ కూడా ఉంది. అబుదాబీ శివారు పారిశ్రామికవాడ ముసఫ్ఫా కూడా ఉంది. జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళకైనా, గోదావరి జిల్లాల వాళ్ళకైనా అక్కడ దిగగానే వినబడే మాట ‘బెడ్‌స్పేస్’. అంటే గది కాదు, గదిలో ఒక మంచం. ఇంటిని అంత చిన్న ముక్క దాకా కోసి కిరాయికివ్వడం ఎలా మొదలైందో తెలియాలంటే ముందు భూమి ఎవరిదో చూడాలి.

1962లో అబుదాబీ చమురు తొలిసారి ఎగుమతైంది. 1966లో షేక్ జాయెద్ పాలకుడయ్యాక పౌరులకు స్థలాలు పంచారు, సామాన్యులకు ప్రభుత్వమే ఇళ్ళు కట్టించింది. అలాంటి కాలనీని షాబియా అంటారు, అరబ్బీలో ‘జనానిది’ అని. ముసఫ్ఫా షాబియా పేరులో ఆ కాలం ఇంకా నిలిచి ఉంది. ద్వీపం మీది నగరంలో ఇమడని గ్యారేజీలు, గోదాములు నీళ్ళు దాటి ఈ ఇసుక నేలకు వచ్చాయి. వాటి వెంట మనుషులూ వచ్చారు. కానీ ఆ మనుషులు అక్కడ జాగా కొనలేరు. 2005 చట్టం, 2019 సవరణ విదేశీయులకు తలుపు తెరిచినా అది కొన్ని పెట్టుబడి ప్రాంతాల వరకే. మన దగ్గరలా భూమిని ప్లాట్లు చేసి వచ్చినవాళ్ళకు అమ్ముకునే దారి లేదు కనుక, ముక్కలయ్యింది కిరాయి.

ఆ పని జరిగే తీరు ఇది. విల్లాను యజమాని ఏడాది ఒప్పందం మీద ఒకరికి ఇస్తాడు. డబ్బు చెక్కులుగా ముందే రాసివ్వాలి. తీసుకున్నవాడు హాలుకు అడ్డంగా ప్లైవుడ్డో జిప్సం బోర్డో నిలబెట్టి, ఒక పార్టిషన్ కుటుంబానికి, మరోటి నలుగురు బ్యాచిలర్లకు ఇస్తాడు. దీన్ని ఒట్టి దురాశ అనడం నాకు సరిగా తోచదు. కూలికి జీతం నెలకోసారి వస్తుంది, ఇల్లేమో ఏడాది లెక్కన దొరుకుతుంది. ఆ రెంటి మధ్య ఖాళీలో నిలబడ్డవాడే ఈ మధ్యవర్తి. చాలాసార్లు అతనూ వలస వచ్చినవాడే. ఏడాదిని నెలలుగా, ఇంటిని మంచాలుగా విడగొట్టి అమ్మడమే అతని వ్యాపారం. బొంబాయి చాళ్ళలో ఒక్క ఖోలీని, అంటే గదిని, పదిమంది పంచుకున్న మన మిల్లు కార్మికులకు ఇది కొత్తేమీ కాదు. కామాఠీపురాకు ఆ పేరే మన కూలీల వల్ల వచ్చింది.

అబుదాబీలో 2006 అద్దె చట్టం ఏటా పెంచే అద్దెకు 7 శాతం హద్దు పెట్టింది, తర్వాత అది 5 శాతమైంది. ఉన్నవాళ్ళకు ఊరట దొరికింది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇల్లు మరింత దూరమైంది. 2008 ప్రాంతంలో నగరంలోని పార్టిషన్ విల్లాల మీద బల్దియా విరుచుకుపడింది. హైదరాబాద్ వాళ్ళూ మున్సిపాలిటీని ఆ మాటతోనే పిలుస్తారు. బల్దియా, కిరాయి, రెండూ అరబ్బీ నుంచి మన నోటికి వచ్చినవే. గోడలు కూలాయి, మనుషులు ముసఫ్ఫాకూ పక్కనున్న మహమ్మద్ బిన్ జాయెద్ సిటీకీ తరలారు. అక్కడ మళ్ళీ గోడలు లేచాయి.

చట్టం ఊరుకోలేదు. 2009లో దేశ మంత్రిమండలి కార్మికుల వసతిలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్లు ఉండాలంది. తౌసీఖ్ పేరుతో అద్దె ఒప్పందాల నమోదు వచ్చింది. 2011లో ఇళ్ళల్లో కిక్కిరిసి ఉండడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. అయినా 2015 ఫిబ్రవరి 20న ముసఫ్ఫాలో టైర్ల దుకాణాలున్న భవనం అంటుకుని 10 మంది చనిపోయారు. సామాన్లు దాచే గదుల్లో మనుషులు పడుకుంటున్నారు. ఈ చరిత్రలో నన్ను వదలని తేదీ అదే. మరుసటేడు చివర ఇంకో నిబంధన అమల్లోకి వచ్చింది: 50 మంది లేదా అంతకు మించి పనివాళ్ళున్న కంపెనీ, నెలకు 2,000 దిర్హాములకన్నా తక్కువ జీతగాళ్ళకు తానే వసతి ఇవ్వాల్సి వచ్చింది. చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు దీని కిందకి రాడు. ముసఫ్ఫాలో అలాంటి వర్క్‌షాపులు వీధి వీధికీ ఉన్నాయి.

2020 ఏప్రిల్ చివర కరోనా పరీక్షలకు సిద్ధమైనప్పుడు ఆరోగ్యశాఖ పెట్టుకున్న లెక్క 3,35,000 మంది. ముసఫ్ఫాలో ఉండేవాళ్ళూ, పనిచేసేవాళ్ళూ కలిపి. ఒక గదిలో పది శ్వాసలు కలిసే చోట ‘దూరం పాటించండి’ అన్న మాటకు అర్థమేముంది? 2023లో కిక్కిరిసిన ఇళ్ళపై జరిమానా 10 లక్షల దిర్హాముల దాకా ఉంటుందని మళ్ళీ హెచ్చరించారు.

మంచం మీద మిగిల్చిన డబ్బు ఎక్కడికి పోయిందన్నదీ ఈ చరిత్రలో భాగమే. ఊళ్ళో చేను గుంటలైంది, గుంట 121 గజాలు. రోడ్డు పక్క వెంచర్లలో కొన్నవాళ్ళలో గల్ఫ్ వాళ్ళు ఎందరో. 2020 ఆగస్టు 26న తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని లేఔట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. కొద్ది రోజులకే అలాంటి లేఔట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ పథకం ప్రకటించింది. వెయ్యి రూపాయల రుసుము కట్టి సుమారు 25 లక్షల దరఖాస్తులు పెట్టుకున్నారు. పరాయి దేశంలో తన పేర గజం భూమి దొరకనివాడు, సొంతూళ్ళో కొన్న గజాల కోసం ఆ వరుసలో నిలబడ్డాడు. ఆ దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఏళ్ళ తరబడి కదల్లేదు.