సాలిస్‌బరీ స్క్వేర్ నుంచి బందరుకు

బడిలో సమితుల పాఠం చదివిన ప్రతి తెలుగు పిల్లవాడూ వెన్ చిత్రాలు గీసే ఉంటాడు. ఒకదాని మీదికి ఒకటి ఒరిగిన రెండు వలయాలు, మధ్యలో అడ్డగీతలు కొట్టిన ఉమ్మడి భాగం. అవనిగడ్డలో నల్లబల్ల మీద సుద్దముక్కతో వాటిని గీసిన మాస్టార్లు ఎందరో. ఆ చిత్రాలకు తన పేరిచ్చిన జాన్ వెన్ తండ్రికి మన బందరుతో మూడు దశాబ్దాల ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయన్న సంగతి మాత్రం లెక్కల పుస్తకంలో ఉండదు.

తండ్రి పేరు హెన్రీ వెన్. 1796లో పుట్టి 1873లో పోయాడు. చర్చి మిషనరీ సొసైటీకి, అంటే మనవాళ్ళు సీఎంఎస్ అని పిలుచుకున్న సంస్థకు, 1841 నుంచి సుమారు మూడు దశాబ్దాలు గౌరవ కార్యదర్శి. లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ పక్కనున్న సాలిస్‌బరీ స్క్వేర్‌లో ఆయన ఆఫీసు. ఇండియాకు ఒక్కసారీ రాలేదు, ఆఫ్రికా గడ్డ తొక్కలేదు. బల్ల ముందు కూర్చుని సియెరా లియోన్‌కూ, నైజీరియాకూ, న్యూజిలాండ్‌కూ, తిరునల్వేలికీ, బందరుకూ ఉత్తరాలు రాస్తూనే జీవితం గడిపాడు.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే ఇంగ్లండు చరిత్రలో ఒక ముడి విప్పాలి. మనవైపు దొరలందరినీ ఒకే గాటన కట్టేస్తారు. కలెక్టరు దొర, కాటన్ దొర, పాదిరి దొర అంతా ఒకే తాను గుడ్డ అనుకుంటారు. నిజానికి కంపెనీకీ పాదిర్లకూ చాలాకాలం ఉప్పూ నిప్పూ. ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ ఓడ బందరుకు వచ్చింది 1611లో. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు బందరు నుంచి లండన్‌కు వెళ్ళిన ఉత్తరాల్లో ముఖ్యమైన గొడవ సరుకుదీ, ముఖ్యంగా బట్టదీ. మతం మాటెత్తితే జనం తిరగబడతారని, వ్యాపారం చెడుతుందని కంపెనీ భయం. అందుకే మిషనరీ విలియం కేరీ 1793లో డెన్మార్క్ వాళ్ళ ఓడ ఎక్కి రావలసివచ్చింది. తర్వాత ఆయన స్థిరపడింది కూడా డెన్మార్క్ వాళ్ళ ఏలుబడిలో ఉన్న సీరాంపూర్‌లోనే.

కంపెనీ తలుపు తెరిపించింది లండన్ శివారులోని క్లాపమ్ అనే ఊరి బృందం. ఆ ఊరి చర్చి గురువు జాన్ వెన్, అంటే హెన్రీ తండ్రి. విలియం విల్బర్‌ఫోర్స్, బ్యాంకరు హెన్రీ తార్న్‌టన్ లాంటివాళ్ళు ఆయన చుట్టూ చేరినవాళ్ళు. 1799లో సీఎంఎస్ పుట్టింది వీళ్ళ చేతుల మీదుగానే. 1807లో బానిసల వ్యాపారాన్ని పార్లమెంటుచేత రద్దు చేయించిందీ, 1813లో కంపెనీ చార్టరు కొత్తగా రాసినప్పుడు మిషనరీలకు ఇండియాలో చోటు ఇప్పించిందీ ఈ బృందమే. హెన్రీ వెన్ ఈ మాటల మధ్య పెరిగిన పిల్లవాడు.

ఆయన ఆఫీసులో కూర్చున్న 1841లోనే ఇద్దరు యువకులు బందరుకు బయల్దేరారు. ఒకరు కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, రెండోవారు ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన హెన్రీ వాట్సన్ ఫాక్స్. మార్చిలో ఓడ ఎక్కితే మద్రాసు చేరింది జూలైలో. ఆఫ్రికా కొస చుట్టి రావాలి మరి.

ఉత్తరాలు అంతకంటే చురుగ్గా నడిచేవి. అప్పటికే ఈజిప్టు దారి పడింది. ఓడలో అలెగ్జాండ్రియా దాకా, అక్కడి నుంచి ఎడారి మీదుగా సూయజ్‌కు, మళ్ళీ ఓడ. మద్రాసులో సీఎంఎస్‌కు కరస్పాండింగ్ కమిటీ ఉండేది. పేరులోనే ఉంది దాని పని. లండన్ మాట మిషనరీలకూ, మిషనరీల మాట లండన్‌కూ అదే చేరవేసేది. మద్రాసు నుంచి బందరుకు తపాలా మోసేవాళ్ళ కాళ్ళే దిక్కు. అన్నీ కలిసొచ్చినా ప్రశ్న వెళ్ళి జవాబు తిరిగి రావడానికి నెలలు పట్టేది. ఈలోగా బందరులో జరగవలసింది జరిగిపోయేది.

రాతకోతల విషయంలో సాలిస్‌బరీ స్క్వేర్ మన కరణాల కంటే కచ్చితం. ప్రతి మిషనరీ తన దినచర్య రాసి పంపాలి. వచ్చిన ఉత్తరాలను గుమాస్తాలు మిషన్ బుక్కుల్లోకి ఎక్కించేవారు. వెళ్ళే ఉత్తరాలకు లెటర్ బుక్కులు వేరు. వచ్చినవాటిలో జనానికి చెప్పదగ్గవి సంస్థ పత్రికల్లో అచ్చయ్యేవి. వారానికి ఒక పెన్నీ చొప్పున చందా పోగుచేసే ఇంగ్లండు మామూలు జనం వాటిని చదివి, మచిలీపట్నం అనే ఊరొకటి ఉందని తెలుసుకునేవారు.

ఫాక్స్‌ది పల్లెలు తిరిగే పని, నోబుల్‌ది బడి. నోబుల్ రెండేళ్ళు తెలుగు నేర్చుకుని 1843లో బందరులో బడి తెరిచాడు. ఫాక్స్ 1845లో భార్యను పోగొట్టుకున్నాడు, 1848లో ఆరోగ్యం చెడి ఇంగ్లండు చేరాడు. అక్కడ ఆయన్ని సాలిస్‌బరీ స్క్వేర్‌లోనే సహాయ కార్యదర్శిగా పెట్టుకున్నారు. బందరులో ఉత్తరాలు అందుకున్నవాడు ఉత్తరాలు పంపే బల్ల దగ్గరికి చేరాడన్నమాట. ఆ ఏడు అక్టోబరులోనే పోయాడు, నిండా ముప్ఫై రెండేళ్ళు లేవు.

నోబుల్ లెక్క వేరు. పై కులాల పిల్లలకు చదువు చెబితే ఆ వెలుగు కిందికి దిగుతుందని ఆయన నమ్మకం. అందుకే బడిలో అంటరాని కులాల పిల్లల్ని చేర్చుకోలేదు. దాని మీద తోటి మిషనరీల్లోనే విమర్శ వచ్చింది. 1852లో ఐనాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. బందరు అట్టుడికిపోయింది, బడి దాదాపు ఖాళీ అయింది. కొన్నాళ్ళకు పిల్లలు మళ్ళీ వచ్చారు, ఎందుకంటే ఇంగ్లీషు చదువు కావాలి. ఆ ఇద్దరూ తర్వాత పాదిర్లయ్యారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లో వెన్ తన ఆలోచనను కాగితం మీద పెడుతున్నాడు. స్థానిక క్రైస్తవ సంఘాల నిర్మాణం మీద 1851లో ఒకటి, 1861లో ఒకటి, 1866లో ఒకటి, మూడు పత్రాలు తయారుచేశాడు. వాటి సారం ఇది. ఏ దేశపు సంఘం ఆ దేశపు డబ్బుతోనే నడవాలి, ఆ దేశపు గురువులే దాన్ని ఏలాలి, అదే తన మాటను ముందుకు తీసుకెళ్ళాలి. మిషనరీ పని ముగించుకుని మరో ఊరు చూసుకోవాలి. దీనికి ఆయన పెట్టిన పేరు మిషన్ సుఖమరణం. కొంచెం అటూ ఇటూగా అదే మాటను బోస్టన్‌లో అమెరికన్ బోర్డు కార్యదర్శి రూఫస్ ఆండర్సన్ కూడా చెబుతున్నాడు. సామ్రాజ్యం పొంగుతున్న కాలంలో తనవాళ్ళకే మీరు అక్కరలేనివాళ్ళు కావడమే మీ పని అని రాయడానికి గుండె కావాలి.

కృష్ణా జిల్లాలో సంఘం పెరిగింది మాత్రం నోబుల్ అనుకున్న దారిలోనూ కాదు, వెన్ గీసిన దారిలోనూ కాదు. 1859లో రాఘవాపురం మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్యకు థామస్ డార్లింగ్ అనే మిషనరీ బాప్తిస్మమిచ్చాడు. ఆ తర్వాత పల్లె వెంట పల్లె కదిలింది. వెలుగు పైనుంచి దిగలేదు, అడుగునుంచి పాకింది.

1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. సుమారు ముప్ఫై వేల మంది పోయారని లెక్క. ఆ కబురు లండన్‌కు చేరిందీ తపాలాలోనే. ఇంగ్లండు నుంచి ఇండియాకు సముద్రం అడుగున తంతి తీగ పడింది 1870లో కదా. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూసినవాళ్ళకు ఆ 1864 రాత్రి గురించి విడమరచి చెప్పనక్కరలేదు. 1865 అక్టోబరులో నోబుల్ బందరులోనే కన్నుమూశాడు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ స్వదేశం వెళ్ళలేదు.

వెన్ ఆలోచనకు పెద్ద గెలుపు ఆఫ్రికాలో దక్కింది. ఒకప్పుడు బానిసగా అమ్ముడుపోయిన శామ్యూల్ అజాయి క్రౌథర్‌ను 1864లో కాంటర్‌బరీలో బిషప్పుగా అభిషేకించారు. వెన్ పోయాక సాలిస్‌బరీ స్క్వేర్ ఆ పాఠం మరిచింది. కుర్ర మిషనరీలు ముసలి క్రౌథర్‌ను పక్కకు నెట్టారు. 1891లో ఆయన చనిపోయాక ఆ పీఠం తెల్లవాడికే ఇచ్చారు. తెలుగునేల 1912 దాకా ఆగింది. ఆ ఏడు డిసెంబరులో వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్పయ్యాడు. తమిళుడే అయినా తెలుగువాళ్ళ మధ్య బతికిన ఆయనే ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. దక్షిణ భారత సంఘం ఏర్పడి తన కాళ్ళ మీద నిలబడింది 1947లో. వెన్ కాగితానికీ దీనికీ మధ్య తొంభై ఆరేళ్ళు. తీర్పు చెప్పాలంటే, రాసినవాడిది దూరదృష్టి, ఆయన కుర్చీలో తర్వాత కూర్చున్నవాళ్ళది అధికారం మీద తీపి.

నోబుల్ బడి కథ ఇంకో మలుపు తిరిగింది. కాలేజీ అయ్యాక అక్కడ పాఠాలు చెప్పినవారిలో బ్రహ్మసమాజి రఘుపతి వెంకటరత్నం నాయుడు ఒకరు. చదివినవారిలో ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఉన్నారు. వాళ్ళే 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. మన ఊరి బడిని మనమే నడుపుకోవాలని వాళ్ళు వెన్ కాగితాలు చూసి నేర్చుకోలేదు.

లండన్‌కూ బందరుకూ మధ్య నడిచిన ఆ ఉత్తరాలు ఇప్పుడు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని కాడ్బరీ పరిశోధన గ్రంథాలయంలో ఉన్నాయి. దక్షిణ భారతం కట్టలకు వేరే విభాగమే ఉంది. పై చదువులకు బర్మింగ్‌హామ్ వచ్చే కృష్ణా జిల్లా పిల్లలు ఒక పూట తీరిక చేసుకుని అక్కడికి వెళ్ళాలి, బందరు పేరున్న కట్ట విప్పించుకుని చదవాలి, చదివింది తెలుగులో రాసి ఇంటికి పంపాలి.