కట్టుబడులు

నల్లమల కనుమలందును, వాటి దిగువనున్న ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల సీమలందును స్థానిక సాయుధ నాయకులగు పాలెగాండ్ర కాలమున గ్రామరక్షణ, దారికాపు, దొంగల పట్టివేత నిర్వహించుచు, జీతమునకు మాఱుగా ఈనాము భూములననుభవించిన సాయుధ బంట్లు. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీ పరము చేయగా, ప్రధాన కలెక్టరు థామస్ మన్రో పాలెగాండ్రనణచి, కొందఱకు పింఛనులేర్పఱచెను. కట్టుబడుల కొలువు క్రమముగా సన్నగిల్లెను. మాన్యములు మాత్రము కొంతకాలము నిలిచెను. అయితే అనుభవదారు మరణించినచో భూమిని సర్కారు స్వాధీనపఱచుకొనుటయు, వారసులకు నిరాకరించుటయు సాగెను. ఇంటి పెద్దతోపాటు పొలమును పోవు ఈ ఏర్పాటు పొదుపు పేరిట జరిగిన అన్యాయమనక తప్పదు.

అట్లు పింఛను పొందిన పాలెగాండ్ర కుటుంబములలోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ముట్టుచుండినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు; నొస్సము పాలెగాడగు తాత జయరామిరెడ్డి భరణమును ఆయనకిచ్చుటకు కంపెనీ ఒప్పుకొనలేదు. మాన్యములు కోల్పోయిన కట్టుబడులాయన వెంట నడచి, 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై పడిరి. 1847 ఫిబ్రవరి 22న కంపెనీవారు ఆయననచ్చటనే ఉరితీసి, శిరస్సును 1877 వఱకు జనులు చూచునట్లు వ్రేలాడదీసిరి. కట్టుబడులు మాన్యములకై చేసిన కాపుపనికి మద్రాసు రాజధానిలో జీతపు పోలీసు వ్యవస్థ 1859 నాటి చట్టముతో ఏర్పడెను.