గృహస్థుల చిత్రలేఖనము

చిత్రలేఖనమనగానే మనవారిలో ననేకులకు జీవనార్థమవలంబించు వృత్తియొక్కటియే స్మరణకు వచ్చును. కుంచె పట్టిన బాలుని జూచి, చదువునకు దూరమగుచున్నాడని చింతించు తలిదండ్రులు మన సంఘమున నేటికిని గలరు. స్వజనుల రూపములను, స్వగ్రామదృశ్యములను విరామకాలమున వ్రాసికొనుట గృహస్థునకు దగిన విద్యయేయనియు, వంశచరిత్రకు దానివలన మహోపకారము గలుగుననియు నిరూపించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

వాత్స్యాయనుడు కామసూత్రములయందు ఆలేఖ్యమును చతుష్షష్టికళలలో బేర్కొనెను. నాగరకుని గృహమును వర్ణించుచు, నాగదంతమున వ్రేలాడు వీణతోపాటు చిత్రఫలకమును, వర్తికల పెట్టెయు, నేదియో యొక పుస్తకమును నుండవలెనని విధించెను. ఆ నాగరకుడు చిత్రములమ్మి జీవించువాడు కాడు. పుస్తకమును చదువుకొన్నట్లే, వీణను వాయించుకొన్నట్లే, చిత్రమును వ్రాసికొనువాడు. కావున నీ యాచారము మనకు క్రొత్తది గాదు.

కాళిదాసు శాకుంతలమున షష్ఠాంకము నీ సందర్భమున మిక్కిలి పరిశీలింపదగినది. అంగుళీయకము దొరకిన పిదప దుష్యంతుడు పశ్చాత్తాపముతో శకుంతలను, ఆమె సఖులను స్వహస్తముతో చిత్రించును. రూపము చక్కగా గుదిరినను రాజునకు దృప్తి లేదు. ఇసుకతిన్నెలపై హంసమిథునములు గల మాలినీనదిని, లేళ్లు పరుండిన హిమవత్పాదములను, కొమ్మలకు నారచీరలు వ్రేలాడు వృక్షమును, దాని క్రింద కృష్ణమృగము కొమ్మున కంటిని రాచుకొనుచున్న లేడిని ఇంకను వ్రాయవలెనని యతడు విదూషకునితో జెప్పును. మనుష్యుని మాత్రము వ్రాసిన జాలదు. ఆ మనుష్యుడు మెలగిన చోటును వ్రాసినగాని యాతడు సంపూర్ణముగా గానరాడని మహాకవి యభిప్రాయము. మన పెద్దల రూపములను వ్రాయువారు వారి యరుగును, నూతిని, పెరటిచెట్టును విడువరాదనుటకు నింతకన్న బ్రమాణమేల?

భాసకృతమని ప్రసిద్ధిగన్న స్వప్నవాసవదత్తమున నుజ్జయినినుండి వచ్చిన చిత్రఫలకమును జూచి, పద్మావతి తనయొద్ద నావంతిక యను పేర నున్న యువతి పోలికను దానియందు గనుగొనును. దగ్ధమైనదని లోకమెల్ల నమ్మిన వాసవదత్త యునికి యట్లు బయలుపడును. ఇంట దాచిన యొక రూపచిత్రము కుటుంబమును మరల గలిపినదని దీని తాత్పర్యము.

ఇక మన యాంధ్రదేశమున జరిగిన యుదాహరణము. రాజమహేంద్రవర కళాశాలకధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరకు బోధనము వృత్తి, చిత్రలేఖనము ప్రవృత్తి. ఆయన ప్రోత్సాహమును బొందినవారిలో దామెర్ల రామారావు (1897–1925), అడివి బాపిరాజు (1895–1952) ముఖ్యులు. రామారావు బొంబాయి చిత్రకళాశాలయందు శిక్షణము పొంది కీర్తిగాంచి, ఇరువదియేడేండ్ల ప్రాయముననే మసూచిచే దివంగతుడయ్యెను. బాపిరాజు న్యాయశాస్త్రమును జదివి, నవలలను రచించుచునే కుంచెను విడువడయ్యెను. రామారావుగారి భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణులైరి. ఒక బోధకుని ప్రవృత్తి శిష్యుల కుంచెలకు బ్రోత్సాహమైనది; ఒక గృహమున స్త్రీలు సయితము వర్ణములు చేపట్టిరి. రాజమహేంద్రవరమున దామెర్లవారి పేర నున్న చిత్రశాలను మన బాలబాలికలకు జూపుట కర్తవ్యము.

మన యిండ్లలోను నిట్టి చిత్రములు లేకపోలేదు. ఉద్యోగవిరామమున నొకరు వ్రాసిన తండ్రి రూపము, ఒక యింటి యాడుబిడ్డ వ్రాసిన రేవుదృశ్యము గోడలపై నున్నవి. కాని యేమి ప్రయోజనము? మేము చూచిన పటములలో బెక్కింటిపై బేరు లేదు. ముఖము నిలిచినది, నామము నశించినది. మూడవ తరమువారు ఆ తాతగారెవరని యడిగినచో జెప్పువారు లేరు. చిత్రించిన స్త్రీల పేరులైతే మరింత శీఘ్రముగా మరువబడుచున్నవి. గోత్రప్రవరలను దప్పక వల్లించు మనము ముత్తవ్వ ముఖమును గుర్తింపలేకుండుట శోచనీయము గాదా?

కావున సభ్యమహాశయులకు మా విన్నపము. ప్రతి పటము వెనుకను అతికించిన కాగితముపై అందున్నవారి పేరును, బంధుత్వమును, గ్రామమును, సంవత్సరమును, వ్రాసినవారి పేరును స్పష్టముగా లిఖింపుడు. చెమ్మగోడలకును, నేరుటెండకును బటములను దూరముగా నుంచుడు. వెలసినవని యెరుగనివారిచే మీద రంగులు పూయింపకుడు. తెలిసిన వృద్ధులు జీవించియుండగనే వారి నడిగి వ్రాసికొనుడు. ఈ పని మాత్రము వాయిదా కోర్వదు. పోషకమహాశయులు రాబోవు మహాసభయందు గృహచిత్రప్రదర్శనమునకు స్థలమును, బాలురకు బాలికలకు సమానముగా బహుమానములను నేర్పరచిన, నేడు కుంచె పట్టి మందలింపబడుచున్న బిడ్డయే రేపు మన వంశములకు చరిత్రకారుడగును.

శుభం భూయాత్.